మంట రాకముందే వేడి కనబడాలి: మీటర్ బోర్డు దాకా ఇంకా రాని థర్మల్ కెమెరా

హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ వైపు రెండు మూడంతస్తుల ఇళ్లలో ఒక ఏర్పాటు తరచుగా కనిపిస్తుంది. మెట్ల కింద మీటర్ బోర్డు, దాని కింద బండ్లు. ఈమధ్య ఆ బండ్లలో ఒకటో రెండో చార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్లు. పక్కనే చెప్పుల స్టాండు, పాత అట్టపెట్టెలు. పై అంతస్తు వాళ్లు కిందికి రావాలంటే ఆ బోర్డు ముందు నుంచే రావాలి. ఇల్లు కట్టినప్పుడు ఒక ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు ఉన్న కుటుంబం కోసం వేసిన వైరింగ్ అది. ఇవాళ దాని మీదే రెండు మూడు ఏసీలు, గీజర్, ఇండక్షన్ పొయ్యి నడుస్తున్నాయి.

ఇది ఎంత ప్రమాదమో నగరం చాలాసార్లు చూసింది. 2025 మే 18 ఉదయం చార్మినార్ పక్కనే గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో నిప్పంటుకుని ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. అందులో 8 మంది చిన్నపిల్లలు. కింద దుకాణం, పైన నివాసం, ఇరుకైన మెట్లు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ప్రాణాలు తీసింది ఎక్కువగా మంట కాదు, పొగ. అందరికంటే ముందు లోపలికి వెళ్లే ప్రయత్నం చేసినవాళ్లలో చుట్టుపక్కల గాజుల దుకాణాల ముస్లిం యువకులున్నారు. పొగలో ఎవరు ఎక్కడున్నారో కనిపించక వాళ్లు కూడా ఎక్కువ మందిని కాపాడలేకపోయారు.

అంతకుముందు 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది చనిపోయారు. అక్కడ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉంది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో 9 మంది చనిపోయారు. అక్కడ కింద రసాయనాల డ్రమ్ములున్నాయి. కారణాలు వేరు కావచ్చు గానీ మూడు చోట్లా జరిగింది ఒకటే. నిప్పు కింద పుట్టింది, మనుషులు పైన ఉన్నారు, మెట్ల దారి పొగ గొట్టంగా మారింది.

'షార్ట్ సర్క్యూట్' అన్న మాటను మన దగ్గర కేసు ముగిసిపోయిందని చెప్పడానికి వాడుతున్నారు. ఆ మాట వినగానే ఎవరి తప్పూ లేదన్నట్టు, ఏదో పిడుగు పడ్డట్టు అనిపిస్తుంది. నిజానికి కరెంటు వల్ల వచ్చే మంటల్లో చాలా వాటికి ముందు రోజులు, వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి వేడి పేరుకుంటుంది. ఆ వేడిని దూరం నుంచే చూపించే పరికరం ప్రపంచంలో ఉంది. ధర కూడా బాగా దిగింది. అయినా మీటర్ బోర్డు ముందుకు అది రావడం లేదు. ఎందుకన్నదే ఇక్కడ ప్రశ్న.

ఎంసీబీకి తెలియని సంగతి

ముందుగా వేడి ఎక్కడ పుడుతుందో చూడాలి. వీధిలో స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీస్ వైరు చాలాచోట్ల అల్యూమినియం. దాన్ని మీటరుకో మెయిన్ స్విచ్‌కో బిగించే టెర్మినల్ ఇత్తడిదో రాగిదో అయి ఉంటుంది. కరెంటు పారినప్పుడు వైరు వేడెక్కి కొంచెం వ్యాకోచిస్తుంది, ఆపితే చల్లారి ముడుచుకుంటుంది. ఇలా వేలసార్లు జరిగితే స్క్రూ పట్టు సడలుతుంది. సడలిన చోట గాలి తగిలి లోహం మీద సన్నని పొర కడుతుంది. ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది. అడ్డుకున్న చోట వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ అతుకు దగ్గర వేడి నాలుగింతలవుతుంది. శీతాకాలంలో ఊరుకున్న లూజ్ కనెక్షన్ ఏప్రిల్‌లో రెండో ఏసీ వేయగానే నల్లబడేది ఇందుకే.

చాలామంది నమ్మకం ఏమిటంటే, ఏదైనా తేడా వస్తే ఎంసీబీ పడిపోతుంది కదా అని. ఇక్కడే అసలు మోసం. వదులైన అతుకు ఎక్కువ కరెంటును లాగదు. కాబట్టి ఎంసీబీ పడదు. కరెంటు బయటికి, అంటే భూమిలోకో మనిషి ఒంట్లోకో లీక్ కావడం లేదు. కాబట్టి లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ కూడా పడదు. రెండూ తమ పని సరిగ్గానే చేస్తుంటాయి, లోపల ప్లాస్టిక్ మాత్రం మెల్లగా కరుగుతూ ఉంటుంది. ఇంట్లో వాళ్లకు తెలిసేసరికి కాలిన వాసనో, లైట్లు మిణుకుమనడమో మొదలై ఉంటుంది. ఆ దశకు ముందు ఆ లోపానికి బయటికి కనిపించే గుర్తు దాదాపుగా ఒక్కటే, వేడి.

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను వదులుతుంది. మన కన్ను చూసే వెలుగు తరంగాల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. మనిషి ఒంటి వేడి నుంచి వచ్చే కిరణాలు 9, 10 మైక్రాన్ల దగ్గర ఎక్కువగా ఉంటాయి. గాలి 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య కిరణాలను పెద్దగా అడ్డుకోదు. థర్మల్ కెమెరాలు పనిచేసేది ఆ సందులోనే.

ఈ కిరణాలను పట్టడం మాత్రం తేలిక కాదు. కెమెరా కూడా వేడి వస్తువే కదా. తన వేడి తనకే అడ్డు వస్తుంది. అందుకే మొదట్లో మంచి డిటెక్టర్లను సున్నాకు దిగువన 196 డిగ్రీల దాకా చల్లబరిచేవారు. పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిపి చేసిన ఆ చిప్పులకు ద్రవ నైట్రోజన్ గానీ, చిన్న శీతలీకరణ యంత్రం గానీ కావాలి. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, యంత్రం అరిగిపోవడం ఎక్కువ. సైన్యాలను మినహాయిస్తే కొనగలిగినవాళ్లు తక్కువే.

1980లలో అమెరికాలో హనీవెల్ సంస్థ రక్షణ శాఖ డబ్బుతో ఇంకో దారి పట్టింది. చల్లబరచకుండానే చూసే డిటెక్టర్ అది. పేరు మైక్రోబోలోమీటర్. సిలికాన్ చిప్పు మీద వనేడియం ఆక్సైడ్‌తో అతి సన్నని పలక. దాన్ని రెండు సన్నని కాళ్ల మీద, మంచం మీద దుప్పటి పరిచినట్టు, చిప్పుకు తగలకుండా రెండు మైక్రాన్ల పైచిలుకు ఎత్తులో నిలబెడతారు. ఆ కాళ్లు సన్నగా ఎందుకంటే పలకకు తగిలిన వేడి కిందికి జారిపోకూడదు. చుట్టూ గాలి లేకుండా మూసేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ తగిలితే పలక వేడెక్కుతుంది, వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఒక డిగ్రీకి సుమారు 2 శాతం మార్పు. కానీ ఎదురుగా ఉన్న వస్తువు ఒక డిగ్రీ వేడెక్కితే పలక వేడెక్కేది డిగ్రీలో అతి చిన్న వంతు మాత్రమే. అంత చిన్న తేడాను వేల పలకల నుంచి ఒకేసారి చదివి బొమ్మగా మార్చాలి. ఈ సాంకేతికత మీదున్న రహస్య ముద్రను 1992లో తీసేశారు. ఫ్రాన్స్‌లో వనేడియం బదులు అమార్ఫస్ సిలికాన్‌తో ఇదే పని చేశారు. తర్వాత చైనా కంపెనీలు పెద్ద ఎత్తున దిగాయి.

ధర తగ్గిన రహస్యం పలక పరిమాణంలో ఉంది. మొదట్లో ఒక్కో పలక 50 మైక్రాన్లు. తర్వాత 25, 17, ఇప్పుడు 12. పలక ఎంత చిన్నదైతే ఒకే సిలికాన్ బిళ్ల మీద అన్ని ఎక్కువ సెన్సర్లు వస్తాయి, లెన్సు కూడా చిన్నదవుతుంది. 2014లో ఫోనుకు తగిలించే థర్మల్ కెమెరా అమెరికాలో 200 నుంచి 350 డాలర్లకు దొరికింది. ఇప్పుడు అలాంటివి మన ఆన్‌లైన్ దుకాణాల్లో ఒక మోస్తరు స్మార్ట్‌ఫోన్ ధరకు దొరుకుతున్నాయి.

గోడకు ఆవల ఉన్న విద్య

చిత్రమేమిటంటే ఈ విద్య హైదరాబాద్ తూర్పు, దక్షిణ శివార్లకు కొత్త కాదు. ఎల్బీనగర్ నుంచి చంపాపేట మీదుగా కొద్ది కిలోమీటర్లు పోతే కంచన్‌బాగ్. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, భారత్ డైనమిక్స్ అక్కడే ఉన్నాయి. ఇంకొంచెం దక్షిణాన రీసెర్చ్ సెంటర్ ఇమారత్. నాగ్ క్షిపణి ముక్కులో శత్రువు ట్యాంకును దాని వేడి ఆధారంగా గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ సీకర్‌ను తయారుచేసింది ఆ సంస్థే. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఇన్‌ఫ్రారెడ్‌ను దాటనిచ్చే పింగాణీ పదార్థాల మీద పనిచేసింది. చర్లపల్లిలోని సీ-మెట్ ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన అతి శుద్ధమైన లోహాల మీద పనిచేస్తుంది.

ఇంకో సంగతి. హయత్‌నగర్ మధ్య నుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ దగ్గర ఆగదు, మచిలీపట్నం దాకా పోతుంది. అక్కడ 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇవాళ సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు చేసేది ఆ యూనిటే. పక్కనే నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో కట్టిన కొత్త ఫ్యాక్టరీని 2025 అక్టోబర్ 16న ప్రధాని కర్నూలు సభ నుంచి జాతికి అంకితం చేశారు. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు దాటి పోతున్న రోడ్డు చివర, చీకట్లో వేడిని చూసే కళ్లు తయారవుతున్నాయన్నమాట. అవన్నీ సరిహద్దుకు పోతాయి. అందులో తప్పు లేదు. కానీ ఆ విద్యలో కొంతయినా కరెంటోళ్ల చేతికి, ఫైర్ సిబ్బంది చేతికి దిగిరావాలంటే చౌకగా, లక్షల్లో తయారయ్యే డిటెక్టర్ కావాలి. అది మన దేశంలో ఇంకా లేదు. ఇక్కడ కెమెరా బిగించే సంస్థలున్నాయి, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు. లోపలి డిటెక్టర్ మాత్రం చాలావరకు దిగుమతే. తిరువనంతపురం సీ-డాక్ తయారుచేసిన థర్మల్ కెమెరా సాంకేతికతను 2024లో ప్రైవేటు పరిశ్రమలకు ఇచ్చారు. మంచి అడుగే. అయినా కెమెరా తయారుచేయడం వేరు, డిటెక్టర్ చిప్పు పోత పోయడం వేరు.

లెన్సు కథ కూడా ఇలాంటిదే. మామూలు గాజు ఈ కిరణాలను దాటనివ్వదు. అందుకే ఎక్కువగా జెర్మేనియంతో లెన్సు చేస్తారు. ప్రపంచంలో జెర్మేనియం ఎక్కువగా వచ్చేది చైనా నుంచే. 2023 ఆగస్టు 1 నుంచి దాని ఎగుమతికి చైనా అనుమతులు తప్పనిసరి చేసింది. అటు అమెరికా కూడా ఈ కెమెరాల ఎగుమతిని సైనిక సరుకులాగే చూస్తుంది. సెకనుకు 9 బొమ్మల లోపు తీసే వాటికి నిబంధనలు తేలిక. చౌక కెమెరాల్లో చాలా వాటి బొమ్మ కుదుపుతో కదలడానికి కారణం అదే. దాన్ని నాణ్యత లోపమనుకుంటారు. అది చట్టం కోసం కావాలని పెట్టిన పరిమితి.

కోవిడ్ నేర్పిన పాఠం సగమే

ముస్లిం కుటుంబాల్లో చాలామందికి థర్మల్ కెమెరా పరిచయమైంది 2020లో. మక్కాలో మస్జిదుల్ హరామ్ ద్వారాల దగ్గర, ఎయిర్‌పోర్టుల్లో వాటిని పెట్టారు. ఇక్కడ మాల్‌లో, మస్జిద్ గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన తెల్ల గన్ను వేరే వస్తువు. అందులో ఒక్కటే చుక్క ఉంటుంది, బొమ్మ రాదు. అదీ ఇదీ చూసేది చర్మం పైవేడినే గానీ లోపలి జ్వరాన్ని కాదు. ఎండలో నడిచొచ్చినవాళ్లకు ఎక్కువ చూపించేది, ఏసీ కారు దిగినవాళ్లకు తక్కువ. చివరికి జనం దాన్ని నమ్మడం మానేశారు. పాపం ఆ పరువు నష్టం అసలు థర్మల్ కెమెరాకు కూడా అంటింది.

అదే గన్నుతో మీటర్ బోర్డు చూస్తానంటే కుదరదు. కరెంటు పనికి అమ్మే చౌక గన్ను కూడా మీటరు దూరం నుంచి దాదాపు 8 సెంటీమీటర్ల వెడల్పు వలయంలోని వేడి సగటును చెబుతుంది. మండిపోతున్న ఒక్క స్క్రూ ఆ సగటులో కలిసి మాయమవుతుంది. థర్మల్ కెమెరాలో 160 అడ్డం, 120 నిలువు చుక్కలున్నా మొత్తం 19,200 చోట్ల వేడిని విడివిడిగా చూస్తుంది. స్క్రూ తెల్లగా వెలుగుతూ కనిపిస్తుంది.

దానికీ మాయలున్నాయి. మెరిసే లోహం తన వేడిని సరిగా బయటపెట్టదు, ఎదుటివాళ్ల వేడిని అద్దంలా చూపిస్తుంది. తళతళలాడే రాగి పట్టీ చల్లగా ఉందని చూపించి మోసం చేస్తుంది. తెలిసినవాళ్లు పక్కనున్న ప్లాస్టిక్, వైరు తొడుగు, లేదా అంటించిన నల్ల టేపు మీద చూస్తారు. ఇంకో ముఖ్య సంగతి, లోడ్ లేనప్పుడు చూస్తే ఏమీ కనిపించదు. పగలు పదింటికి ఇంట్లో ఏసీలన్నీ ఆపి ఉన్నప్పుడు వచ్చి 'అంతా బాగుంది' అని రాసిచ్చే తనిఖీకి విలువ లేదు. డిగ్రీల లెక్కను ఒంటరిగా చూడటమూ కాదు. మూడు ఫేజులు ఒకే లోడ్ మీద ఉండగా ఒకటి మిగతా రెండింటి కంటే 15 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే వెంటనే బాగుచేయాలని విద్యుత్ పరీక్షల రంగంలో వాడే ప్రమాణం. తేడా 4 డిగ్రీలు దాటినా అనుమానించాల్సిందే.

సబ్‌స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో, పెద్ద ఆస్పత్రుల్లో ఇలాంటి తనిఖీ కొత్త కాదు. ఇబ్బంది చిన్న ఇళ్ల దగ్గరే. తెలంగాణలో 18 మీటర్ల ఎత్తు లోపు నివాస భవనాలకు ఫైర్ ఎన్‌ఓసీ అక్కర్లేదు. మీటరు దాకా డిస్కమ్ బాధ్యత, మీటరు తర్వాత ఇంటి యజమాని బాధ్యత. లూజ్ అయ్యేది సరిగ్గా ఆ రెంటి మధ్య ఉన్న స్క్రూ. అద్దె ఇల్లైతే యజమాని ఒక ఊళ్లో, వైరింగ్ ఇంకో ఊళ్లో. ఇలా ఎవరికీ చెందని ఆ రెండడుగుల బోర్డు ముందు నుంచే పిల్లలు రోజూ స్కూలుకు పోతున్నారు.

లైన్‌మన్ చేతిలో ఒక కెమెరా పెడితే ఒక వీధిలో మీటర్ బోర్డులన్నీ ఒక సాయంత్రంలో చూసేయొచ్చు. బిల్లు తీయడానికి నెలనెలా ఇంటింటికీ వచ్చే వ్యవస్థ ఎలాగూ ఉంది. వేసవికి ముందు ఒక్కసారి, సాయంత్రం ఏడు తర్వాత, పాత సర్వీసులున్న వీధులతో మొదలుపెట్టి చూస్తే చాలు. దీనికయ్యే ఖర్చు ఒక్క ప్రమాదంలో ప్రకటించే ఎక్స్‌గ్రేషియాతో పోల్చినా తక్కువే. ఫైర్ సిబ్బంది సంగతి వేరు. వాళ్లకు కావలసింది వేడిని, నీటిని తట్టుకునే గట్టి పరికరం, దాని ధర ఎక్కువ. పొగ రేణువులు మామూలు వెలుగును ఆపుతాయి గానీ 8-14 మైక్రాన్ల కిరణాలను అంతగా ఆపలేవు. అందుకే నల్ల పొగలో స్పృహ తప్పి పడున్న మనిషి ఆకారం ఆ తెరమీద కనిపిస్తుంది. విదేశాల్లో చాలా ఫైర్ ఇంజన్లలో ఇది గొట్టం, నిచ్చెనలాగా మామూలు సామాను. ప్రతి కొత్త ఫైర్ ఇంజన్ టెండరులో దీన్ని తప్పనిసరి చేయమని అడగడం పెద్ద కోరిక కాదు.

డాబా మీద నిద్ర

అయితే ఇదే కెమెరా డ్రోనుకు కట్టుకుని ఇంటి మీద ఎగిరితే? వేసవి రాత్రుల్లో కరెంటు పోతే కుటుంబాలు డాబా ఎక్కి పడుకోవడం ఇక్కడ మామూలే. చీకటే వాళ్లకు పరదా. థర్మల్ కెమెరాకు చీకటి లేదు.

కొన్ని అపోహలు తొలగించాలి. ఈ కెమెరా ఇటుక గోడ గుండా చూడదు. కిటికీ గాజు గుండా కూడా చూడలేదు, గాజు తన వేడినే చూపిస్తుంది. ముఖం పోల్చేంత స్పష్టత చౌక కెమెరాలకు లేదు. కానీ డాబా మీద ఎంతమంది ఉన్నారు, ఏ గది గోడ వేడెక్కింది, రాత్రి ఎవరు ఎప్పుడు లోపలికి పోయారు అన్నవి చెబుతుంది. అమెరికాలో డానీ కైలో అనే వ్యక్తి ఇంటి గోడల వేడిని పోలీసులు వీధిలోంచి కొలిచిన కేసులో, వారంట్ లేకుండా అలా చూడటం చెల్లదని 2001లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. గోడ దాటి చూడకపోయినా, ఇంటి లోపలి సంగతి బయటపెట్టే పరికరం ఇంట్లోకి చొరబడినట్టేనన్నది ఆ తీర్పు సారం.

మన దగ్గర 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. థర్మల్ కెమెరా గురించి మాత్రం అలాంటి స్పష్టమైన గీత ఎవరూ గీయలేదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు పెద్ద మినహాయింపులే ఇచ్చింది. హైదరాబాద్‌లో ముఖాలను గుర్తుపట్టే కెమెరాల వాడకాన్ని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టులో సవాలు చేస్తే 2022 జనవరిలో కోర్టు నోటీసులిచ్చింది. ఆ కెమెరాల విషయంలో జరిగింది ఏమిటంటే ముందు పరికరం వచ్చింది, తర్వాత ప్రశ్న వచ్చింది. థర్మల్ విషయంలోనైనా ఈ వరస తిరగబడాలి. ప్రాణాలు కాపాడే పనికి కెమెరా వాడినప్పుడు ఆ బొమ్మలు ఎంతకాలం ఉంచుతారు, ఎవరు చూస్తారు, వేరే కేసుకు వాడొచ్చా అన్నది కొనేముందే రాతపూర్వకంగా ఉండాలి. మీటర్ బోర్డు తనిఖీలో దీనికి పెద్ద కష్టం లేదు, బోర్డు తప్ప ఇంకేదీ తీయాల్సిన పని లేదు కాబట్టి. భయపడి పరికరాన్నే వద్దనడం మాత్రం గుల్జార్ హౌజ్ చూసిన తర్వాత కష్టం.

ప్రభుత్వం కదిలేలోపు మొహల్లాలో చేయగలిగింది కొంత ఉంది. మస్జిద్ కమిటీలు, ఫంక్షన్ హాళ్లు, పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లు కలిసి థర్మోగ్రఫీ చేసే లైసెన్సుడు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ను పిలిపించుకోవచ్చు. మస్జిద్‌లో అయితే దానికి సరైన సమయం రంజాన్ మొదటి వారం తరావీహ్ వేళ. ఏసీలు, ఫ్యాన్లు, అలంకరణ దీపాలు, వుజూఖానా మోటారు అన్నీ ఒకేసారి నడిచేది అప్పుడే. అవి కనీసం అరగంట నడిచిన తర్వాత మెయిన్ బోర్డు మూత తెరిచి బొమ్మ తీయించాలి. మూత మీద నుంచి తీస్తే లోపలి స్క్రూ కనిపించదు. తెరిచేది ఎలక్ట్రీషియనే కావాలి, ముతవల్లీ సాహెబో ఇంటి పిల్లలో కాదు. రిపోర్టులో ప్రతి బొమ్మ పక్కన ఆ సమయంలో ఎన్ని యాంపియర్ల లోడ్ ఉందో రాయమని అడగాలి. ఆ అంకె లేని రిపోర్టుకు డబ్బులివ్వనవసరం లేదు. బాగుచేసిన తర్వాత అదే లోడ్ మీద, అదే చోట రెండో బొమ్మ తీయించి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.